గుండెకొక ఊరు, కిడ్నీకొక ఊరు

ఆ ఆదివారం ఆరాధనకు బయల్దేరేటప్పుడు మా ఆయన గడప మీద కూర్చుని చెప్పుల్లో కాళ్లు దూర్చడానికి తంటాలు పడుతున్నాడు. నేను బైబిలు, పాటల పుస్తకం సంచిలో పెట్టుకుని బయట నిలబడ్డాను.

"ఏమే, ఈ చెప్పులు ఎవరియి? పడ్తలేవు."

"నీయే. కాళ్లే నీయి గాకుంట అయినయి," అన్నాను.

సరదాకు అన్న మాటే గానీ, వంగి చూసేసరికి నాకు నవ్వు రాలేదు. పాదాలు రెండూ నునుపు తేలి మెరుస్తున్నాయి. చీలమండ పైన వేలితో నొక్కితే గుంట పడింది. ఆ గుంట పూడటానికి, నేను లోపలికి వెళ్లి ఆయన పాత రబ్బరు చెప్పులు వెతికి తెచ్చేంతసేపు పట్టింది.

ఆయన నలభై ఏళ్లు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో మిషన్ ఆపరేటరుగా పనిచేశాడు. నేను ప్రభుత్వ బడుల్లో తెలుగు చెప్పాను, చివరి పదేళ్లు మాడుగులపల్లిలో. ఇద్దరం రిటైరై మిర్యాలగూడలోనే ఉంటున్నాం. ఆయనకు షుగరూ బీపీ ఎప్పటినుంచో ఉన్నాయి. మూడేళ్ల కింద గుండెపోటు వచ్చింది. హైదరాబాదులో స్టెంట్ వేసి పంపాక, అప్పటినుంచి సూర్యాపేటలో ఒక గుండె డాక్టరుకు చూపిస్తున్నాం. ఆ తర్వాత రక్తపరీక్షలో కిడ్నీలు కూడా కొంత దెబ్బతిన్నాయని తేలింది. కోదాడలో ఉండే మా చెల్లెలు, తనకు తెలిసిన కిడ్నీ డాక్టరమ్మ ఉందని అక్కడికి తీసుకువెళ్లింది. అట్లా గుండెకు సూర్యాపేట, కిడ్నీకి కోదాడ, కాపురానికి మిర్యాలగూడ అయ్యాయి.

ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్లడంలో మేమొక మర్యాద పాటించాం. సూర్యాపేట కాగితాలు ఒక కవరులో, కోదాడ కాగితాలు ఇంకో కవరులో పెట్టాను. సూర్యాపేటకు వెళ్లేటప్పుడు సూర్యాపేట కవరే, కోదాడకు కోదాడదే. ఒక సంఘంలో విన్న ప్రసంగాన్ని ఇంకో సంఘానికి పోయి చెప్పకూడదని మా పెద్దలు నేర్పారు. ఫలానా పాస్టరు అయ్యగారు ఇట్లా అన్నారని ఇంకో అయ్యగారి ముందు అంటే ఇద్దరినీ అవమానించినట్టే. డాక్టర్ల విషయంలోనూ అదే మంచి పద్ధతి అనుకున్నాను. ఒకరు రాసిన చీటీ ఇంకొకరికి చూపిస్తే, మీ మీద నమ్మకం లేదన్నట్టు ఉంటుందని భయపడ్డాను. అదెంత పెద్ద పొరపాటో ఏడాది దాకా నాకు తెలియలేదు.

కాళ్లవాపు చూసిన మర్నాడే సూర్యాపేటకు వెళ్లాం. గుండె డాక్టరు వయసులో చిన్నవాడు, మాట కలుపుగోలు. ఛాతీ, వీపు విని, పాదాలు నొక్కి చూసి, గుండె తోడే బలం తగ్గిందని, ఒంట్లో నీరు నిలుస్తోందని చెప్పి ఒక మాత్ర రాశాడు. కింద మందుల షాపతను అట్ట కత్తిరించి చేతికిస్తూ, "ఇది నీళ్ల గోలి పెద్దయ్యా. పొద్దుగాల ఒకటి. మరువకు," అన్నాడు.

"నీళ్ల గోలి అంటే ఏందే?" అని బస్సులో మా ఆయన అడిగాడు.

"నీళ్లతోని వేసుకునేది. మిగిలినయి ఎట్ల మింగినా నడుస్తది. దీనికి మాత్రం నీళ్లు నిండుగ తాగాలె. అందుకే పేరు పెట్టి చెప్పిండు," అన్నాను.

మర్నాటి నుంచి పొద్దున ప్రార్థన కాగానే చెంబు నిండా నీళ్లు, ఒక గోలి. ఆయన సగం తాగి దించబోతే నేను ఊరుకునేదాన్ని కాదు. ఇంకో చెంబు కూడా తాగించిన రోజులున్నాయి. లోపల కడిగినట్టు అవుతుందని నా నమ్మకం. ఆయన తాగేవాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ చదువు సంబంధమైన విషయాల్లో ఆయన నా మాట దాటలేదు.

ఎనిమిదో రోజుకు వాపు మోకాళ్లకెక్కింది. మధ్యాహ్నం నడుం వాలిస్తే ఆయాసం వచ్చి లేచి కూర్చునేవాడు. పాట ఎత్తుకుంటే రెండో చరణానికి ఊపిరి అందేది కాదు. మళ్లీ సూర్యాపేట.

"నీళ్లు ఎన్ని తాగుతున్నవ్ పెద్దయ్యా?" అని డాక్టరు అడిగాడు.

"మీరు నీళ్ల గోలి రాసిండ్రు గద సారు. పొద్దుగాల్నే రెండు చెంబుల నీళ్లతోని ఏస్కుంటున్న. పగటీలి తాగేటియి వేరు."

డాక్టరు చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి నా వైపు చూశాడు.

"అమ్మా, మీరు టీచరని చెప్పిండ్రు గద. ఏం చెప్పేటోళ్లు?"

"తెలుగు సారు."

ఆయన నవ్వు ఆపుకుంటూ చీటీ మీదికి తల వంచాడు. ముప్పై ఏళ్లు పిల్లల చేత సమాసాలు విడదీయించి విగ్రహవాక్యాలు చెప్పించినదాన్ని. 'నీళ్లతో వేసుకునే గోలి' అని నేను విడదీశాను. అది నీళ్లను ఒంట్లోంచి తీసేసే గోలి.

డాక్టరు ఆ రోజు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పాడు. "గుండె సరిగ్గ కొట్టకపోతే కిడ్నీకి రక్తం చాలదు. కిడ్నీ ఏమనుకుంటదంటే, ఒంట్ల నీళ్లు తక్కువైనయి అనుకుంటది. ఉన్న నీళ్లను బయటికి పోనియ్యకుంట పట్టి పెడ్తది. ఆ నీళ్లు మళ్ల గుండెకే బరువు. గుండె ఇంక నీరసపడ్తది."

నాకు సగం అర్థమైంది. మా ఆయనకు పూర్తిగా అర్థమైంది.

"మా మిల్లుల గిట్లనే అయితది సారు. వడ్లు పైకెత్తే ఎలివేటర్ సక్కగ ఎత్తకపోతే కింద జల్లెడ ఉత్తగ ఆడుతది. జల్లెడ మూసుకపోయిందనుకో, వడ్లు ఎనక్కి తన్ని ఎలివేటర్ జామైతది. ఒకదాన్ని బాగు చేస్తే కాదు, రెండు సూస్కోవాలె."

"నీకు నేను చెప్పేదేముంది పెద్దయ్యా, నువ్వే డాక్టర్‌వి," అని ఆయన నవ్వాడు. గోలీలు రెండు చేశాడు. చాయ్, చారుతో సహా రోజుకు ఒక్క లీటరు నీళ్లే అన్నాడు. ఉప్పు, పచ్చళ్లు తగ్గించమన్నాడు. వారంలో వాపు దిగింది. చెప్పులు పట్టాయి.

మేము సంతోషంగా ఉన్నప్పుడే నలభై దినాల ఉపవాస ప్రార్థనలు వచ్చాయి. మా సంఘంలో పెద్దలు సాయంత్రం ప్రార్థన ముగిసేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. గుండెపోటు తర్వాత మా ఆయన రెండేళ్లు ఉపవాసం ఉండలేదు. అది ఆయనకు మనసులో ముల్లు.

"ఈసారి ఉంటనే. డాక్టరే నీళ్లు తక్కువ తాగుమన్నడు. ఉపవాసముంటే రెండు పన్లు ఒక్కపారే అయితయి."

నిజం చెప్పాలంటే నాకు అది చాలా చక్కని ఆలోచనగా తోచింది. ప్రతి గురువారం ఆడవాళ్ల కూడికలో వాక్యం చెప్పేది నేనే. మా ఆయన ఉపవాసంలో ఉన్నాడని అక్కడ చెప్పుకున్నాను కూడా. ఆ చెప్పుకోవడంలో కొంత గొప్ప ఉంది. దాన్ని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మిర్యాలగూడ మార్చి ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆయన పొద్దున నాలుక తడిసేంత నీళ్లతో రెండు గోలీలు మింగి, పొద్దుగూకేదాకా అట్లాగే ఉండేవాడు. పది రోజులకు బుగ్గలు పీక్కుపోయాయి. మూత్రం సరిగ్గా రావడం లేదని నాకు చెప్పలేదు. ఒక సాయంత్రం ప్రార్థనకు లేచి నిలబడి, రెండు మాటలు పలికి, పక్కనున్న కుర్చీ పట్టుకుని మెల్లగా కిందికి జారాడు. నలుగురు పట్టుకున్నారు. మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీలు ఎట్లా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ నంబరు దాదాపు రెట్టింపైంది. ఆ కాగితం పట్టుకుని హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పరుగెత్తాం.

కిడ్నీ డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ఆ రోజు మాత్రం కుర్చీలోంచి ముందుకు వంగింది.

"ఉపవాసమా? నీళ్లు కూడా తాగకుండానా?"

"అవునమ్మా," అన్నాను.

ఆమె మా ఆయన జేబులోని మాత్రల అట్ట తీయించి చూసింది. "ఈ నీళ్ల మాత్రలు వేసుకుంటూనా?"

"అవునమ్మా."

"ఎవరు చెప్పారండీ ఇలా చెయ్యమని?"

మా ఆయన నా వైపు చూశాడు. "దేవుడైతే చెప్పలేదమ్మా. మేమే," అన్నాను.

ఆమెకు కోపం తగ్గినట్టుంది. కిడ్నీలు ఎండిపోయాయని, ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే డయాలసిస్ దాకా వస్తుందని చెప్పింది. నీళ్ల మాత్ర పూర్తిగా ఆపించింది. దాహమైనంత తాగమంది. మా సంఘం అక్కాచెల్లెళ్లు పరామర్శకు వస్తూ తెచ్చే కొబ్బరినీళ్లు మాత్రం వద్దంది. కిడ్నీ బలహీనంగా ఉన్నప్పుడు అందులో ఉండే పొటాషియం గుండెకు ప్రమాదమట.

ఆ రాకపోకల్లో మా ఆయన పట్టుకున్న మాట ఒక్కటే, డయాలసిస్. మిల్లులో ఆయనతో పనిచేసిన ఒక హమాలీ వారానికి మూడుసార్లు ఆ మిషను మీద పడుకుని వచ్చేవాడు. వచ్చిన రోజు పిండేసిన బట్టలా ఉండేవాడు. ఆయన్ను చూసి వచ్చిన ప్రతిసారీ మా ఆయన అన్నం సగమే తినేవాడు. కోదాడ నుంచి తిరిగొస్తూ బస్సులో, కిటికీ బయటికి చూస్తూ అన్నాడు:

"నలభై ఏండ్లు మిషన్‌ను నేను నడిపిన. ఇగ మిషన్ నన్ను నడుపుడు వద్దే. దేవున్ని అడుగు."

నేను అడగని రోజు లేదు. కానీ అడుగుతూనే మేము ఇంకో తప్పు చేస్తూ పోయాం.

గోలి ఆపాక కిడ్నీ నంబరు దిగింది. మూడు వారాలకు కాళ్లు మళ్లీ ఉబ్బాయి, ఆయాసం వచ్చింది. సూర్యాపేట వెళ్లాం. "గోలి ఎందుకు ఆపినవ్ పెద్దయ్యా?" అని డాక్టరు అడిగితే మా ఆయన నీళ్లు నమిలాడు. నేను, "మరిచిపోయినం సారు," అన్నాను. సండే స్కూలులో పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పే నోటితోనే అన్నాను. కిడ్నీ డాక్టరమ్మ పేరు అక్కడ ఎత్తడం మర్యాద కాదని. ఆయన మళ్లీ రెండు గోలీలు మొదలుపెట్టించాడు. వాపు దిగింది, కిడ్నీ నంబరు ఎక్కింది. కోదాడ వెళ్లాం. గోలి మళ్లీ ఎవరు పెట్టారో అక్కడా చెప్పలేదు. డాక్టరమ్మ ఆపించింది. నంబరు దిగింది, వాపు ఎక్కింది.

ఇట్లా మూడు విడతలు జరిగింది. మా చెల్లెలు ఒకసారి విసిగిపోయి, "ఏంటక్కా, బావని ఇటో వారం అటో వారం ఉయ్యాల ఊపుతున్నారు?" అంది. నాకు కోపం వచ్చింది. డాక్టర్ల మాట వినడం తప్పా అనుకున్నాను.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం మా పాస్టరు గారు ఇంటికి వచ్చారు. డెబ్బై దాటినవారు. వయసులో ఉన్నప్పుడు పాస్టర్ల చదువు చెప్పే వేదాంత కళాశాలలో బైబిలు మూలభాషలు చదువుకున్నారు. ఆ చదువును ఎక్కడా ప్రదర్శించరు, అడిగితేనే చెబుతారు. చాయ్ తాగాక ప్రార్థనకు లేచారు.

"అయ్యగారూ, గుండె కోసం ఒకపారి, కిడ్నీల కోసం ఒకపారి ప్రార్థన చెయ్యండి," అన్నాను.

ఆయన మళ్లీ కూర్చున్నారు. "టీచరమ్మా, ఒకమాట అడుగుత. దేవుడు హృదయాన్ని, అంతరింద్రియాలను పరీక్షిస్తడని వాక్యంల చాలా చోట్ల ఉంటది గద. అంతరింద్రియాలు అంటే మీరు ఆడోళ్ల కూడికల ఏమని చెప్తరు?"

"మనసు లోపలి ఆలోచనలు, ఎవరికీ కనపడని కోరికలు అని చెప్తానయ్యగారూ."

"అర్థానికి తప్పు లేదు. మాటకైతే, మూలభాషల అది మూత్రపిండాలే."

నేను నమ్మలేదు. నా ముఖం చూసి ఆయనకు తెలిసినట్టుంది.

"బలుల సంగతి వచ్చిన కాడ అదే మాటను మూత్రగ్రంథులు అని తెలుగు చేసిండ్రు. మనిషి సంగతి వచ్చిన కాడ కొంచెం నాజూకుగ అంతరింద్రియాలు అన్నరు. ఆ కాలపోళ్లకు మనిషి లోపలి లోపల ఉండేది ఆ రెండే. గుండె, మూత్రపిండాలు. అందుకే జంటగ అంటరు."

ముప్పై ఏళ్లుగా నేను చెబుతున్న మాట. ఎన్ని గురువారాలు చెప్పానో లెక్కలేదు. దానిలోపల మా ఇంటి జబ్బే కూర్చుని ఉందని నాకు తెలియదు.

మంచం మీద గోడకు ఆనుకుని వింటున్న మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అంటే అయ్యగారూ, దేవుడు గుండెను కిడ్నీని రెండిటిని ఒక్కపారే సూస్తడా?"

"ఒక్కపారే."

"మరి మేమేంది, సూర్యాపేటకొకపారి, కోదాడకొకపారి తిరుగుతున్నం?"

పాస్టరు గారు పైకే నవ్వారు. "నువ్వు సూర్యాపేటల కోదాడ ముచ్చట చెప్తున్నవా?"

"చెప్తలేం అయ్యగారూ. మీ టీచరమ్మ చెప్పనియ్యదు. మర్యాద కాదంటది."

ఆయన నవ్వు ఆపి నా వైపు తిరిగారు. "అమ్మా, సంఘాల సంగతి వేరు. మనిషి ఒక్కడే గద," అన్నారు. తర్వాత లేచి నిలబడి రెండిటికీ కలిపి ఒక్క ప్రార్థన చేశారు. ఎప్పటికంటే చిన్న ప్రార్థన. నేను సగం వినలేదు. బీరువాలో ఉన్న రెండు కవర్లే నా కళ్ల ముందు ఉన్నాయి.

ఆయన వెళ్లాక రెండు కవర్లూ నేల మీద గుమ్మరించాను. మా ఆయన మంచం మీంచి తేదీలు చదువుతుంటే వరుసగా పేర్చాను. తర్వాత బడిలో మార్కుల పట్టిక గీసినట్టు ఒక పెద్ద తెల్లకాగితం మీద గీతలు గీశాను. తేదీ, కాళ్లవాపు, ఆయాసం, నీళ్ల గోలీలు ఎన్ని, క్రియాటినిన్ ఎంత, గోలి ఎవరు పెట్టారు, ఎవరు ఆపారు. రాయడం పూర్తయ్యాక దూరంగా పట్టుకుని చూశాను. వాపు గడిలో తగ్గిందని ఉన్న ప్రతిచోటా కిడ్నీ గడిలో అంకె ఎక్కింది. ఇది దిగితే అది ఎక్కింది. పదో తరగతి పిల్లవాడికి చూపించినా పట్టుకుంటాడు.

"గిది ముందుగాల్నే రాస్తే ఏం పోయె," అన్నాడు మా ఆయన.

"నువ్వు మిల్లు ముచ్చట చెప్పిన్నాడే రాయాల్సింది."

"నేను రెండు సూస్కోవాలె అని చెప్పిన. ఇన్నవా?"

నేను కాగితాలన్నీ ఒకే సంచిలో సర్దాను.

మూడోరోజు సూర్యాపేట వెళ్లి ఆ కాగితం గుండె డాక్టరు ముందు పెట్టాను. ముందుగా, గోలి మరిచిపోయామని చెప్పింది అబద్ధమని, కోదాడ డాక్టరమ్మ ఆపితే ఆపామని ఒప్పుకున్నాను. ఆయన కాగితం పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి చదివాడు.

"అమ్మా, ఇన్ని దినాలు ఇది దాచి పెట్టిండ్రా?"

"దాచలేదు సారు. మీకు బాధయితదని."

"నాకెందుకు బాధ? నా పేషెంట్‌కు గద బాధ." అని కోదాడ చీటీ మీదున్న నంబరు చూసి అప్పటికప్పుడే ఫోన్ చేశాడు. బయట పేషెంట్లు వరుసలో ఉన్నారు. మేమిద్దరం ప్రసంగం వింటున్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నాం.

"మేడం, మనిద్దరికి ఒకే పేషెంట్ ఉన్నడు. మిర్యాలగూడ, మిల్లు ఆపరేటర్... ఆఁ, ఆయనే. ఉపవాసం చేసినాయనే... అవును మేడం, నేను పెడ్తున్న, మీరు తీస్తున్నరు... నాకు తెల్వదు, మీకు తెల్వదు. వాళ్లు మర్యాద చేసిండ్రంట మనకు."

అవతల ఆమె కూడా నవ్విందని మాకు అర్థమైంది. తర్వాత వాళ్ల మాటలు మందుల్లోకి పోయాయి. ఎక్కువసేపు మాట్లాడుకోలేదు. చాయ్ తాగేంతసేపు. ఆ కొద్దిసేపటి మాట కోసం మేము నెలల తరబడి మూడు ఊళ్ల మధ్య బస్సులు ఎక్కి దిగాం.

ఫోన్ పెట్టేసి డాక్టరు మాకు చెప్పాడు. నీళ్ల గోలి రెండు కాదు, సున్నా కాదు. రోజుకు ఒకటి, మానకుండా. గోలి పనిచేస్తున్నప్పుడు కిడ్నీ నంబరు కొంచెం పెరిగితే ఇద్దరూ ఓర్చుకుంటారు. ఒక హద్దు పెట్టుకున్నారు, అది దాటితే ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు. గుండెకూ కిడ్నీకీ రెండిటికీ మేలు చేసే ఇంకో మాత్ర ఒకటి కలిపారు. నీళ్లు రోజుకు లీటరున్నర. మోకాళ్ల నొప్పులకని షాపులో సొంతంగా కొనే గోలీలు బంద్. ఎప్పుడైనా వాంతులో విరేచనాలో పట్టుకుని నీళ్లు నిలవకపోతే, ఆ రోజు నీళ్ల గోలి ఆపి వెంటనే ఫోన్ చేయాలి. ఇది ఈయనకు రాసింది, ఇంకెవరికీ చెప్పొద్దు, ఎవరి డాక్టరును వాళ్లు అడగాలి అని కూడా అన్నాడు. నేను వాక్యం చెప్పే మనిషినని ఆయనకు అప్పటికి బాగా తెలిసిపోయింది.

"ఇగ మంచి బరువు కాంట ఒకటి కొనుక్కోండి. పొద్దుగాల లేచి మూత్రానికి పోయొచ్చినంక, ఏం తినకముందే నిలబడాలె. రెండు మూడు దినాలల్ల రెండు కిలోలు పెరిగిందంటే అది కొవ్వు కాదు, నీళ్లు. వాపు వచ్చేదాక ఆగొద్దు, ఫోన్ చెయ్యాలె."

మా ఆయనకు ఆ కాంటా ఇంట్లోకి వచ్చినప్పటినుంచి పని దొరికినట్టయింది. మిల్లులో బస్తాలు తూచినట్టు తనను తాను తూచుకునేవాడు. నేను పొయ్యి దగ్గర ఉంటే కేకేసేవాడు.

"అరవై మూడున్నర. రాస్కో."

"నిన్న అరవై మూడే గద? ఏం తిన్నవ్?"

"నువ్వు పెట్టిందే తిన్న. అప్పడం ఎవరు వేయించిండ్రు?"

అప్పడాలు ఆ రోజుతో మా ఇంట్లో ఆగిపోయాయి. ఉప్పు లేని పప్పు మొదటి వారం నాకు గొంతు దిగలేదు. ఆయనొక్కడికే చప్పిడి పెట్టి నేను వేరే తింటే ఆయన చూపు నా కంచం మీదే ఉండేది. అందుకని ఇద్దరం ఒకటే తిన్నాం. నెల తిరిగేసరికి చింతపండు, నిమ్మకాయ, వెల్లుల్లి పోపు ఇవే రుచి అయ్యాయి. నాకున్న బీపీ కూడా కొంచెం దిగింది.

ఒక గురువారం కూడికలో అంతరింద్రియాల గురించి మళ్లీ చెప్పాను. ముప్పై ఏళ్లు సగమే చెప్పానని ముందుగా ఒప్పుకుని, మిగతా సగం చెప్పాను. దేవుడు చేసిన ఒంటిని వాక్యం ముక్కలుగా చూడదని, మేము చూశామని అన్నాను. ఉపవాసం గురించీ చెప్పాను. మందులు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా నీళ్లు మానొద్దని, మానితే దాన్ని భక్తి అనుకోవద్దని. నేనే గదా మా ఆయన ఉపవాసాన్ని ఇదే చాప మీద కూర్చుని చెప్పుకున్నది. అయిపోయాక నలుగురైదుగురు నా చుట్టూ చేరారు. దామరచర్ల దగ్గర కూలికి పోయే ఒకావిడ కొంగు ముడి విప్పి రెండు మాత్రల అట్టలు తీసింది.

"అక్కా, వీటిల నీళ్ల గోలి ఏది? నేను సుత ఉపవాసముంటున్న."

అట్ట తిప్పి చూశాను. నాకు తెలియదన్నాను. డాక్టరునే అడగమని, రాసిన ప్రతి ఒక్కరి చీటీ ఒకే సంచిలో పెట్టుకుని పొమ్మని చెప్పాను.

రెండు నెలలు గడిచాక రక్తపరీక్ష చేయించి కోదాడ వెళ్లాం. ఆ రోజు బస్సులో మా ఆయన కొత్త కాగితం మడతలు విప్పుతూ, మళ్లీ పెడుతూ కూర్చున్నాడు. ఆయన భయం నాకు తెలుసు. నేను లోపల ప్రార్థన చేసుకుంటున్నాను. ఏమని అడగాలో తెలియక, ఆయన ఆనాడు బస్సులో అడగమన్నదే అడిగాను.

డాక్టరమ్మ కొత్త కాగితం, పాత కాగితాలు పక్కపక్కన పెట్టి చూసింది. పాదాలు నొక్కి చూసింది. మా బరువు పుస్తకం తిరగేసి, "రోజూ రాశారే," అని నా వైపు చూసింది.

"పెరగలేదండీ. కొంచెం తగ్గింది కూడా. పూర్తిగా మామూలు అవుతుందని నేను చెప్పను. పోయిన శక్తి పోయినట్టే. ఉన్నది నిలబెట్టుకోవాలి. డయాలసిస్ మాట మాత్రం ఇప్పుడు లేదు."

"ఇప్పుడు లేదు అంటే ఎన్నడొస్తదమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఇలాగే చూసుకుంటే చాలా ఏళ్లు రాకపోవచ్చు. అసలు రాకపోనూ వచ్చు. నేను దేవుణ్ని కాదు కదండీ."

"మళ్ల ఎప్పుడు రావాలె?"

"మూడు నెలలకి రండి."

ఆయన నమ్మలేదు. "మూడు వారాలా అమ్మా?"

"నెలలండీ."

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద ఆయన కాసేపు కూర్చున్నాడు. ఆయాసమేమో అని కంగారుపడి భుజం పట్టుకున్నాను. "ఏం లేదే. జర కూసోని. మూడు నెలలు ఏం చెయ్యాల్నో ఆలోచన చేస్తున్న," అన్నాడు.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో పాస్టరు గారు ఎవరైనా లేవండి అంటే ఆయన లేచాడు. మా సంఘంలో స్వస్థత సాక్ష్యానికి ఒక వరుస ఉంటుంది. డాక్టర్లు చేతులెత్తేశారు, దేవుడు ముట్టాడు, జబ్బు పోయింది. అందరూ ఆ వరుసలోనే ఎదురుచూస్తున్నారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న నేను, ఆయన ఏమంటాడో అని కొంగు నలుపుకుంటున్నాను.

"నాకు బాగయిందని నేను చెప్పలేను," అన్నాడు. "డాక్టరమ్మ కూడ చెప్పలేదు. గుండె అట్లనే ఉంది. కిడ్నీలు అట్లనే ఉన్నయి. నంబరు ఎక్కలేదు. మిషన్ మీదికి పోకుంట దేవుడు నన్ను అట్లనే నిలబెట్టిండు. డాక్టర్లు ఇద్దరు చేతులెత్తలేదు. చేతులు కలిపిండ్రు. నాకు ఇది చాలు. నేను దీనికే స్తోత్రం చెప్తున్న."

జబ్బు పోలేదన్న సాక్ష్యానికి ఆమెన్ అనాలో వద్దో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు పాస్టరు గారు అన్నారు. తర్వాత వెనక వరుసలోంచి ఆ దామరచర్ల ఆవిడ గొంతు వినిపించింది. ఆ వెంటనే అందరూ అన్నారు.

ఆయన కూర్చుంటూ మగవాళ్ల వైపు నుంచి నాకోసం తల తిప్పి చూశాడు. పాట ఎత్తుకోమని సైగ చేశాను. ఎత్తుకున్నాడు. నాలుగు చరణాల పాట. నేను ఒక్కో చరణం దగ్గర ఆయన ఊపిరి వింటూ కూర్చున్నాను. నాలుగోది కూడా పాడాడు.